బంగారు గనుల ఊరికి మా ప్రయాణము



పెండ్లి మాటలు జరిగే ప్రతి ఇంట్లో "ఎన్ని తులాలు?" అనే ప్రశ్న ఒకసారైనా వినబడుతుంది. విశ్వాసుల ఇండ్లలో వినబడదని చెప్పలేము. ఈ వేసవిలో బడంగ్‌పేట్‌లోని మా ఇంట్లో కూడా వినబడింది. మా పెద్దమ్మాయికి ఒక సంబంధము వచ్చింది. అబ్బాయి చదువుకున్నవాడు, ఉద్యోగస్థుడు, ప్రార్థనకు క్రమముగా వెళ్ళే కుటుంబము. మాటలన్నీ కుదిరిన తరువాత వారి పెద్దలు 15 తులాల బంగారము అన్నారు. జవాబు చెప్పడానికి నేను రెండు వారాల గడువు అడిగాను.

ఆ రెండు వారాలలోనే మా అత్తమ్మ ఎన్నో ఏండ్లుగా అడుగుతున్న ప్రయాణము చేశాము. ఆమె పుట్టింది కర్ణాటకలోని కోలారు బంగారు గనుల ఊరిలో. కె.జి.ఎఫ్. అంటే అందరికీ తెలుస్తుంది. 2018లో ఆ పేరుతో సినిమా వచ్చిన తరువాత మన పల్లెల్లో చిన్న పిల్లలు కూడా ఆ మూడక్షరాలు పలుకుతున్నారు. మా అత్తమ్మకు మాత్రము అది తన తండ్రిని మట్టిలో పెట్టిన చోటు. ఆమెకు ఇప్పుడు 70 ఏండ్లు. "నేను కన్నుమూసే లోపల మా నాయన సమాధి ఒక్కసారి చూపించండి, అయ్యగారూ" అని అడుగుతూ వచ్చింది. పిల్లలకు సెలవులు, సంఘస్థుడైన ఒక సహోదరుడు తన బొలేరో బండి ఇచ్చి, తానే నడుపుతానన్నాడు. నేను, నా భార్య, అత్తమ్మ, పెద్దమ్మాయి, పదవ తరగతి ముగించిన అబ్బాయి, ఇంతమందిమి ప్రార్థన చేసుకొని శనివారము తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరాము.

ఎండిన నేల మీదుగా

మా ఇంటి నుండి ఆ ఊరు సుమారు 600 కిలోమీటర్లు. శంషాబాద్ వైపు వెళ్ళి 44వ నెంబరు జాతీయ రహదారి ఎక్కితే షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట దాటి బీచుపల్లి దగ్గర కృష్ణానది వస్తుంది. అప్పటికి ఎండ పడింది. మే నెల కదా, వంతెన క్రింద నీటికంటే బండలే ఎక్కువ కనిపించాయి. ఆ తరువాత కర్నూలు దగ్గర తుంగభద్ర. రెండు గొప్ప నదులు ఒక్క ఉదయములో దాటాము. అక్కడి నుండి దక్షిణముగా పోయేకొద్దీ పచ్చదనము తగ్గి, నేల ఎర్రబడి, తుమ్మచెట్లు, రాళ్ళ గుట్టలు మిగిలాయి.

గుత్తిలో ఆగి టీ త్రాగాము. కొండ మీది కోటను చూసి అబ్బాయి దిగి ఫోటోలు తీసుకున్నాడు. ఈ గుత్తికి ఒక చరిత్ర ఉన్నది. మద్రాసు గవర్నరుగా ఉన్న సర్ థామస్ మన్రో 1827 జూలైలో పత్తికొండలో కలరాతో చనిపోతే ఆయనను మొదట గుత్తిలోనే సమాధి చేశారు. తరువాత ఆయన అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తీసుకొనిపోయారు. రాయలసీమ రైతుకు రైత్వారీ పన్ను పద్ధతి తెచ్చిన దొర ఆయన. ఈ సంగతి పిల్లలకు చెబుతుంటే అత్తమ్మ విని, "దొరకు రెండు సమాధులా?" అన్నది. ఆ మాట అప్పుడు నవ్వుగా తీసుకున్నాము.

అనంతపురము మన తెలుగు నేలలో అతి తక్కువ వాన పడే ప్రాంతము. రాజస్థాన్‌లోని జైసల్మేర్ తరువాత దేశములో దీనినే చెబుతుంటారు. ఈ జిల్లాలోనే బొమ్మనహాళ్ మండలము దర్గాహొన్నూరు వైపు, వేదవతి ఒడ్డున, ఇసుక దిబ్బలు గాలికి కదిలి పొలాల మీదికి వస్తాయి. ఎడారి అంటే అరబ్బు దేశాలలోనే ఉంటుందని మన పిల్లలు అనుకుంటారు. అది మన తెలుగు రైతు గట్టు దాకా వచ్చి కూర్చున్నది. వేరుశనగ వేసి ఆకాశము వైపు చూసే రైతుల ప్రాంతమిది. దారిలో ఒక చిన్న హోటల్లో రాగిసంగటి, శనగకాయల చట్నీ తిన్నాము. వడ్డించిన అమ్మ తన ఇద్దరు కొడుకులు బెంగళూరులో ఉన్నారని చెప్పింది. ఆ ప్రాంతములో ఎవరిని పలకరించినా ఇంచుమించు ఇదే మాట.

అక్కడికి కొంచెము దూరములోనే రామగిరి. ఇప్పుడు ఆ కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. క్రింద ఒకప్పుడు బంగారు గనులు ఉండేవి. చిత్తూరు జిల్లాలో కుప్పము వైపు బిసానత్తము, చిగురుకుంట దగ్గర కూడా ఉండేవి. అన్నీ కోలారు గనులతోపాటే 2001లో మూతబడ్డాయి. వాన కరువైన నేల క్రింద బంగారము! దేవుడు ఏ నేలకు ఏమి ఇచ్చాడో మనకు పైకి చూస్తే తెలియదు.

పెనుకొండ, బాగేపల్లి, చింతామణి మీదుగా కోలారు చేరి, బంగారుపేట దాటి రాబర్ట్‌సన్‌పేటకు వచ్చేసరికి సాయంత్రము 6 దాటింది. ఒక విశ్వాసి ఇంట్లో మాకు బస ఏర్పాటైంది.

భూమి లోపలి ఊరు

ఊరు చేరుతుండగానే అబ్బాయి, "నాన్నా, ఆ కొండలేమిటి?" అని అడిగాడు. బూడిద రంగులో, చదునైన తలలతో, వాన కోతకు చారలు పడిన పెద్ద పెద్ద దిబ్బలు. అవి దేవుడు చేసిన కొండలు కావు. గనిలో నుండి తీసిన రాతిని పిండిలా నూరి, సయనైడు కలిపిన నీటితో బంగారాన్ని కరిగించి వేరుచేసిన తరువాత మిగిలిన పొడి అది. నూరేండ్లకు పైగా పోసిన పొడి 3 కోట్ల టన్నులకు పైమాటే. గాలి వీచే నెలల్లో ఆ ధూళి లేచి ఇండ్లలోకి వస్తుంది. ఇప్పుడు సినిమా చూసినవారు వచ్చి వాటి ముందు ఫోటోలు దిగుతున్నారు.

ఆ ఊరి కథ పాతది. టిప్పు సుల్తాను మరణించిన తరువాత, 1802లో మైసూరు రాజ్యపు సరిహద్దులు కొలవడానికి వచ్చిన జాన్ వారెన్ అనే సైనికాధికారి, ఇక్కడి పల్లెవారు మట్టి కడిగి బంగారు రజను తీయడము చూసి వ్రాసిపెట్టాడు. 1870లలో లావెల్లె అనే ఐరిష్ సైనికుడు ఆ వ్రాత చదివి ఎద్దుబండిలో వచ్చి వెదికాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లీషు కంపెనీ పని అందుకున్నది. 1902లో కావేరి మీది శివనసముద్రము నుండి సుమారు 150 కిలోమీటర్లు తీగలు లాగి ఈ గనులకు కరెంటు తెచ్చారు. మన దేశములో చాలా పట్టణాలు కిరోసిను దీపాలతో ఉన్న కాలములో ఇక్కడ విద్యుద్దీపాలు వెలిగాయి. బేతమంగల చెరువు నుండి నీళ్ళు వచ్చేవి. దొరల బంగళాలు, తోటలు, క్లబ్బులు చూసి ఈ ఊరిని చిన్న ఇంగ్లాండు అనేవారు.

కూలీలు మాత్రము చిత్తూరు, ఉత్తర ఆర్కాటు, సేలము జిల్లాల నుండి వచ్చారు. ఎక్కువమంది తమిళులు, తరువాత తెలుగువారు. ఊరిలో గౌరవము, చేతిలో భూమి లేని కుటుంబాల నుండి వచ్చినవారే ఎక్కువ. మా అత్తమ్మ తండ్రి పలమనేరు వైపు నుండి, రెండేండ్లు వరుసగా వాన లేక, భార్యతో కాలినడకన వచ్చి ఇక్కడ చేరాడు. "లైన్లు" అని పిలిచే కూలీల వరుస ఇండ్లలో ఒక గది. వెదురు తడకల గోడలు. అత్తమ్మ ఆ గదిలోనే పుట్టింది.

మరునాడు ఆదివారము. చిన్న తెలుగు సంఘములో ఆరాధనకు వెళ్ళాము. ముప్పైమంది ఉన్నారు, ఎక్కువమంది పెద్దవాళ్ళు. ఆరాధన తరువాత గనిలో 31 ఏండ్లు పనిచేసి 2001లో ఇంటికి వచ్చిన ఒక పెద్దాయన మాతో తోడుగా బయలుదేరాడు. దూరము నుండి షాఫ్టుల మీది ఇనుప గోపురాలను చూపించాడు. గనుల ఆవరణలోకి వెళ్ళనివ్వరు. చాంపియన్ రీఫ్ గని లోతు 3 కిలోమీటర్లు దాటిందని ఆయన చెబితే మా పిల్లలు నమ్మలేదు. మన చార్మినారు ఎత్తు సుమారు 56 మీటర్లు. అలాంటివి యాభైకి పైగా ఒకదాని మీద ఒకటి నిలబెడితే ఎంత ఎత్తో, అంత లోతు. ఆ అడుగున రాయి వేడి 60 డిగ్రీలు దాటుతుంది. పైనుండి చల్లని గాలి పంపితేనే మనిషి నిలబడగలడు. అంత లోతైన గని గనుకనే 1965లో శాస్త్రవేత్తలు ఇక్కడ భూగర్భములో పరికరాలు పెట్టి, ఆకాశము నుండి వచ్చే కిరణాల వలన పుట్టే న్యూట్రినో అనే అతి సూక్ష్మ కణాల జాడ పట్టారు.

"అప్పుడప్పుడు లోపల రాయి తనంతట తానే బాంబులాగ పేలేది, అయ్యగారూ" అన్నాడు పెద్దాయన. "వేళగాని వేళ సైరను మోగితే ఆడవాళ్ళంతా పిల్లల్ని చంకనేసుకుని గేటు దగ్గరికి పరుగెత్తేవాళ్ళు."

అత్తమ్మ వెంటనే, "మా అమ్మ నన్నూ ఎత్తుకొని పరుగెత్తింది" అన్నది. ఈ సంగతి నా భార్యకు కూడా అప్పటిదాకా తెలియదు.

మా అమ్మాయి ఆయనను అడిగింది: "తాతా, లోపల బంగారము మెరుస్తూ కనిపించేదా?"

ఆయన నవ్వాడు. "ఎక్కడమ్మా! రాయి రాయిలాగే ఉంటుంది. నేను 31 ఏండ్లు బంగారు గనిలో పనిచేసినాను. బంగారము కంటితో చూసింది నా పెండ్లిలో, మా మామ వేలికి ఉంగరము ఉంటే."

మొదట్లో ఇక్కడి రాయి బహు సంపన్నమైనది. చివరి రోజులకు వచ్చేసరికి టన్ను రాతిని నూరితే దొరికింది 3 గ్రాముల దరిదాపు. ఖర్చు రాబడిని మించిపోయింది. 1956లో మైసూరు ప్రభుత్వము తీసుకున్న గనులు తరువాత కేంద్రము చేతికి వెళ్ళి, 2001 ఫిబ్రవరి 28న మూతబడ్డాయి. సుమారు 120 ఏండ్లలో ఈ నేల 800 టన్నులకు పైగా బంగారము ఇచ్చింది. ఈ రోజు ఆ గని కార్మికుల మనుమలు తెల్లవారకముందే మారికుప్పము నుండి రైలెక్కి సుమారు 100 కిలోమీటర్ల దూరములోని బెంగళూరుకు కూలికి, ఉద్యోగాలకు వెళ్ళి, రాత్రికి తిరిగి వస్తున్నారు.

ఈ మాట వింటుంటే నాకు మా బడంగ్‌పేట్ గుర్తుకు వచ్చింది. మా చుట్టుప్రక్కల పొలాలు ప్లాట్లయ్యాయి. గజాల లెక్కన భూమి అమ్మిన రోజున కొన్ని ఇండ్లలో బంగారము పండినట్లే ఉన్నది. ఆ డబ్బుతో పిల్లలను చదివించి నిలబడినవారు ఉన్నారు. నాలుగేండ్లలో ఖర్చు చేసి, తమ పొలములో లేచిన అపార్టుమెంటుకు వాచ్‌మన్‌గా వెళ్ళినవారూ ఉన్నారు. నేలలో నుండి ఒకసారి తీసింది తిరిగి మొలవదు.

సమాధుల తోటలో

మధ్యాహ్నము సమాధుల తోటకు వెళ్ళాము. ముందు వరుసల్లో ఇంగ్లీషువారి సమాధులు. చెక్కిన రాతి సిలువలు, పేర్లు, తారీఖులు, కొన్నింటి మీద పసిపిల్లల పేర్లు కూడా. వారు కూడా సముద్రాలు దాటి వచ్చి ఇక్కడ కన్నీరు కార్చినవారే. వెనుక భాగములో ముళ్ళపొదలు, ఎత్తుపల్లాల మట్టి.

అత్తమ్మ తండ్రి 1967లో చనిపోయాడు. అప్పుడు ఆమెకు 12 ఏండ్లు. ఆయనకు చివరి రెండేండ్లు పడుకుంటే ఊపిరి ఆడేది కాదు, గోడకు ఆనుకొని రాత్రంతా కూర్చునేవాడు. ఇంట్లోవాళ్ళు దానిని రొమ్ముజబ్బు అన్నారు. రాతిధూళి ఏండ్ల తరబడి ఊపిరితిత్తులలో పేరుకొని వచ్చే జబ్బును వైద్యులు సిలికోసిస్ అంటారు. మన దేశములో అది మొదట వైద్య గ్రంథాలకు ఎక్కింది 1947లో, ఈ కోలారు గనుల నుండే. ఒకసారి వస్తే దానికి మందు లేదు. ఈనాటికీ రాతి క్వారీలలో, క్రషర్లలో పనిచేసే మన సంఘాల సహోదరులకు ఆ ప్రమాదము ఉన్నది. ధూళిలో పనిచేసేవారు ముక్కుకు మంచి మాస్కు కట్టుకోవాలి, రాతిని తడిపి పనిచేయాలి, దగ్గు వదలకపోతే ఛాతీ ఎక్స్‌రే తీయించుకోవాలి.

గంటన్నర వెదికాము. "చింతచెట్టుకు అవతల, గోడకు పది అడుగులు" అని ఆమెకు గుర్తు. చింతచెట్లు నాలుగు ఉన్నాయి. గోడ కూలి మళ్ళీ కట్టినట్లున్నది. పెద్దాయన మెల్లగా, "కూలోళ్ళకు కొయ్య సిలువలే పెట్టేవాళ్ళు, చెల్లెమ్మా. చెదలు తినేసుంటాయి" అన్నాడు.

సమాధి దొరకలేదు.

అత్తమ్మ ఏడ్వలేదు. ఒక చెట్టు క్రింద కూర్చొని, గుప్పెడు మట్టి తీసి చూసి, మళ్ళీ అక్కడే వదిలింది. "దొరకు రెండు సమాధులు. మా నాయనకు ఒకటీ మిగల్లేదు" అన్నది. గుత్తిలో నవ్విన మాకెవరికీ ఇప్పుడు నోట మాట రాలేదు.

కాపరిగా నేను ఎన్నో సమాధుల దగ్గర వాక్యము చెప్పాను. అక్కడ నాకు గుర్తుకు వచ్చింది మోషే సంగతి. ద్వితీయోపదేశకాండము 34వ అధ్యాయము ప్రకారము ఇశ్రాయేలును నడిపించిన అంతటి దైవజనుని సమాధి ఎక్కడున్నదో మనుష్యులలో ఎవరికీ తెలియదు. ఆయనను పాతిపెట్టిన దేవునికి తెలుసు. ఆ మాటే అత్తమ్మతో చెప్పి ప్రార్థన చేశాను. ఆమె ఆమేన్ అని, "మా అమ్మ మెడలో నల్లపూసలు తప్ప ఏమీ లేవు, అయ్యగారూ. ఆయన తీసిన బంగారము ఎవరి మెడలో ఉన్నదో" అన్నది.

తూకము

తిరుగు ప్రయాణములో మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. పెనుకొండ దాటిన తరువాత ఫోనులో ఏదో లెక్క వేసి, "నాన్నా, తులము అంటే 10 గ్రాములు. టన్నుకు 3 గ్రాములు అంటే, ఒక తులానికి మూడు టన్నులకు పైగా రాయి. ఒక ట్రాక్టరు లోడు. పదిహేను తులాలకు యాభై టన్నులు" అన్నది. కాసేపు ఆగి, "తాత లాంటివాళ్ళు తవ్విన యాభై టన్నులు నా మెడలో వేసుకొని నేను ఆలయములో నిలబడలేను" అన్నది.

నా భార్య, "మరి సంబంధము పోతే?" అని అడిగింది. తల్లి కదా, అడగవలసిన మాటే. బండిలో ఎవరూ జవాబు చెప్పలేదు.

ప్రియులారా, బంగారము పాపమని నేను చెప్పడము లేదు. మందసమునకు బంగారు రేకు పొదగమని దేవుడే చెప్పాడు, జ్ఞానులు శిశువైన యేసు పాదాల దగ్గర బంగారము పెట్టారు. ఆపదలో ఒక గాజు కుదువపెట్టి బిడ్డకు వైద్యము చేయించుకున్న తల్లులు మన సంఘాలలో ఉన్నారు. నేను చెప్పేది తూకము గురించి. ఒక ఆడపిల్లను ఎన్ని తులాలు అని అడిగిన నాడు మనము త్రాసులో ఒక వైపు లోహాన్ని, మరొక వైపు దేవుని స్వరూపములో చేయబడిన మనిషిని పెడుతున్నాము. మన దేశములో 1961 నుండి వరకట్నము ఇవ్వడమూ పుచ్చుకోవడమూ రెండూ చట్టప్రకారము నేరమే. చట్టము కంటే ముందు మనకు సిలువ ఉన్నది. మనలను విమోచించిన వెల ఏమిటో 1 పేతురు 1:18, 19 తీసి, పెండ్లి మాటలకు కూర్చునే ముందు ఉభయ కుటుంబాలవారు కలిసి చదవండి.

యోబు గ్రంథము 28వ అధ్యాయము కూడా చదవండి. మనుష్యులు చీకటిలోనికి దిగి, కొండల మొదళ్ళు త్రవ్వి, విలువైన వాటిని వెలుగులోనికి తెచ్చే సంగతి అక్కడ ఉన్నది. ఆ ఊరు చూసి వచ్చిన తరువాత ఆ అధ్యాయము నాకు క్రొత్తగా వినబడింది. ఇంత కష్టపడి ఇన్ని వెదికే మనిషికి జ్ఞానము ఏ గనిలో దొరుకుతుందని ఆ దైవజనుడు అడుగుతాడు. దానిని బంగారముతో కొనలేమని చెప్పి, అది ఎక్కడున్నదో చివరి వచనములో చూపిస్తాడు.

ఇంకొక మనవి. మీ ఇంట్లో ముసలివారు ఉంటే, వారు ఏ పని చేసి మిమ్మును పెంచారో ఈ సెలవుల్లో అడగండి. ఏ బావి త్రవ్వారు, ఏ రాయి కొట్టారు, ఏ బీడు సాగు చేశారు, పిల్లలతో వ్రాయించండి. కొయ్య సిలువలను చెదలు తింటాయి. బిడ్డల నోట నిలిచిన పేరు నిలుస్తుంది.

మేము ఇల్లు చేరిన మూడవ రోజున ఆ సంబంధమువారికి నేను, నా భార్య కలిసి వెళ్ళి చెప్పాము: "మా బిడ్డను ప్రార్థనతో, చదువుతో, మాకు కలిగినంతలో మంచి బట్టలతో పంపిస్తాము. తులాల లెక్కకు మేము ఒప్పుకోము." వారు కోపగించుకోలేదు. ఆలోచించి చెబుతామన్నారు. ఇది వ్రాసే నాటికి ఇంకా కబురు రాలేదు. మా ఇంట్లో ఆ ఎదురుచూపు బరువుగానే ఉన్నది, మీ ప్రార్థనలలో మమ్మును జ్ఞాపకము చేసుకోండి. ఏ కబురు వచ్చినా, మా అమ్మాయి తన పెండ్లిలో నల్లపూసలే వేసుకుంటానని వాళ్ళ అమ్మమ్మకు మాట ఇచ్చింది.

భూమి లోతులలో ఉన్నవారిని, పేరు లేని సమాధులలో నిద్రించువారిని ఎరిగిన దేవుడు మీ కుటుంబములను దీవించును గాక. ఆమేన్.